ఎడమచేతి చీటీ

"ఇదొక్కటి చదివి పెట్టండి అయ్యగారూ" అంటూ గంట తాత ఒక మడతపెట్టిన చీటీని పాస్టరు చేతిలో పెట్టాడు.

విప్పగానే పాస్టరు చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు. సిరాలో పడిన చీమ కాగితం మీద పాకినట్టు వంకర టింకర అక్షరాలు. నిన్న సాయంత్రం గది గడియ పెట్టుకుని, చేతికందిన కాగితం చింపి, ఎవరూ పోల్చుకోకూడదని ఎడమచేత్తో తాను రాసుకున్న అక్షరాలే.

ఆ సంఘంలో అదొక పద్ధతి. కష్టంలో ఉన్నవాళ్ళు పేరు లేకుండా చీటీ రాసి గుమ్మం దగ్గరి పెట్టెలో వేస్తారు. ఆదివారం ఆరాధన కాగానే తలా ఒకటి తీసుకుని, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోసం వారమంతా ప్రార్థన చేస్తారు. పద్ధతి పెట్టింది పాస్టరే. తన చీటీ ఏ బామ్మ చేతిలోనో పడుతుంది, ఆమె రెండు కన్నీటి బొట్లు రాల్చి మర్చిపోతుంది అనుకున్నాడు. అది గంట కొట్టి, చర్చి ఊడ్చే తాతకే పడుతుందనీ, చదువు రాని తాత దాన్ని తిన్నగా తన దగ్గరికే మోసుకొస్తాడనీ అనుకోలేదు. దేవుడికి హాస్యం లేదని ఎవరన్నారు?

చీటీలో ఇలా ఉంది: "రెండు నెలలుగా నిద్ర లేదు. తెల్లారితే గుండె దడ. ప్రార్థనకు కూర్చుంటే మాట రాదు. సోమవారం పదింటికి మానసిక వైద్యుడు రమ్మన్నాడు. వెళ్తే నాకు విశ్వాసం లేనట్టా?"

"ఏంటయ్యగారూ, అంతసేపు చూస్తున్నారు? పెద్ద కష్టమా?"

"అబ్బే, చిన్నదే." పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "మోకాళ్ళ నొప్పులట."

రెండు నెలలుగా ప్రార్థనకు పెగలని గొంతు బొంకడానికి ఇట్టే పెగిలింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే కాబోలు అనుకున్నాడు పాస్టరు. ఇలా బొంకేవాళ్ళ మీద ఎవరైనా ప్రసంగం చేస్తే తనే ముందు వరుసలో కూర్చుని తల ఊపేవాడు.

"పాపం! ఎన్నాళ్ళుగానట?"

"రెండు నెలలుగా."

"మరి నిద్ర పడుతోందా?"

"నొప్పులతో నిద్రేం పడుతుంది తాతా."

"డాక్టరుకి చూపించుకున్నాడా?"

"వెళ్ళాలా వద్దా అని ఊగుతున్నాడట."

"ఊగడమేంటి, చోద్యం కాకపోతే! కాలు విరిగితే కట్టు కట్టించుకోమా? దేవుడేమన్నా కోప్పడతాడా?"

"కాలైతే కోప్పడడు" అనేశాడు పాస్టరు.

"మరి దేనికి కోప్పడతాడు?"

"అదే... కాలే కదా, ఏం పర్లేదంటున్నాను."

తాత అతని మొహంలోకి ఒక క్షణం చూశాడు. తర్వాత చీపురు గోడకి ఆనించి, నేల మీద మోకరించాడు. "ఇంటికెళ్ళే దాకా ఎందుకు, ఇప్పుడే ఒకసారి ప్రార్థన చేసేద్దాం. మీరూ రండి."

పాస్టరు మోకరించక తప్పలేదు. మోకాలు నిజంగానే కలుక్కుమంది. తగిన శాస్తి అనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒకరి ప్రార్థనకు తాను తల వంచి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఎప్పుడూ తను చెప్పడం, వాళ్ళు వినడమే.

"తండ్రీ, ఈ బిడ్డ మోకాళ్ళు బాగు చెయ్యి" అని తాత మొదలుపెట్టాడు. "రాత్రిళ్ళు కంటికి కాస్త కునుకియ్యి. తెల్లారితే వచ్చే ఆ గుండె దడ తగ్గించు. ప్రార్థనకి మాట రాకపోతే పోనీ, ఊరికే కూర్చోనియ్యి. నువ్వూ పక్కన కూర్చో. సోమవారం పదింటికి సిగ్గుపడకుండా ఆ డాక్టరు గుమ్మం ఎక్కించు. మా ఇంటిదాన్ని నువ్వు బాగు చేసింది కూడా ఆ గుమ్మంలోనే కదా తండ్రీ. ఆమెన్."

పాస్టరు మెల్లగా కళ్ళు తెరిచాడు.

"తాతా, సోమవారం అని నేను చదవలేదే."

"చదవలేదు."

"గుండె దడ అని కూడా..."

"అదీ చదవలేదు. మోకాళ్ళు మాత్రం చాలా బాగా చదివారు."

పాస్టరు చెవులు వేడెక్కాయి. "ఎలా తెలుసు నీకు?"

"మీ దగ్గరికి వచ్చేముందు మా ఇంటిది చదివి పెట్టింది. దానికి చదువొచ్చుగా. భయపడకండి, దాని కడుపులో పడిన మాట బయటికి రాదు. మన ఊళ్ళో అలాంటి డాక్టరు ఒక్కడేగా, రేపు దానికీ అక్కడే చూపించుకోవాల్సిన రోజు. తోడు కావాలంటే తొమ్మిదిన్నరకి మా గుమ్మం ముందు నిలబడండి."

"నేనా? నేనెందుకు నిలబడాలి?" పాస్టరు ఆఖరి ప్రయత్నం చేశాడు. "రాసిందెవరో ఏమో! పేరు లేదు, చేతిరాత చూస్తే రెండో తరగతి పిల్లాడిలా ఉంది. అయినా ముందే చదివించుకున్నవాడివి, దీన్ని మళ్ళీ నా దగ్గరికెందుకు తెచ్చావు?"

తాత గోడ పట్టుకుని లేచి, చీపురు అందుకున్నాడు.

"వెనకవైపు కూడా చదివిందయ్యగారూ."

పాస్టరు చీటీ తిప్పాడు. సంఘం నోటీసు బోర్డు మీద అందరూ మెచ్చుకునే తన గుండ్రటి అక్షరాలతో, కింద ఎర్ర పెన్సిలు గీతతో, పోయిన ఆదివారం తాను బల్ల గుద్ది చెప్పిన ప్రసంగం ముక్క: "మూడవ అంశం – దిగులుపడువాడు దేవుని ఎరుగడు."