సైనికుల పటంలో చెరువు

"ఆ పటం చుట్టేసి అటకెక్కించమ్మాయ్. అందరికీ మంచిది," అన్నాడు దెజో, మళ్లీ.

ఇల్దికోకి ఒళ్లు మండిపోయింది. హంగరీలోని టిసా నది పక్కనే ఉన్నా ఊళ్లో బావులు ఎండిపోతున్నాయి. వరద నీటిని పాత చెరువులోకి మళ్లిస్తే తప్ప గతి లేదు. పూడిపోయిన ఆ చెరువు జాడ చెప్పగలిగింది, రెండు శతాబ్దాల కిందట చక్రవర్తి సైనికులు గుర్రాల మీద తిరిగి చేత్తో గీసిన పటం ఒక్కటే. ఇల్దికో దాన్ని కంప్యూటర్లో నేటి పటం మీద పరిచింది. ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసినట్టే, అందులోని చర్చిని ఇవాళ్టి చర్చి మీద కూర్చోబెట్టింది. నీలిరంగు చెరువు సరిగ్గా దెజో ప్లమ్ తోటలో పడింది.

పరిశోధన కోసం వచ్చి, ఊరు నచ్చి, నిరుడే తూర్పు వీధిలో ఇల్లు కొనుక్కున్న మనిషి ఆమె. ఆ ఇంటికి దగ్గరుండి పెంకులు నేయించింది దెజోయే. అలాంటివాడు ఇప్పుడు అడ్డం తిరిగాడు. ఊరి సభ సరేనంది, అతను ఒప్పుకోవడమొక్కటే మిగిలింది. తోట పోతుందని ఏడవడు, చెరువు అక్కడ లేదని వాదించడు. ఎందుకు వద్దని అడిగితే పాలింకా సారా గ్లాసు ముందుకు తోస్తాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

చివరికి అతన్ని ఒప్పించడానికి పాస్టరుగారిని పిలిపించింది. మన చర్చి పటం నాటిదేనని మీరైనా చెప్పండి అంది. పాస్టరు తల అడ్డంగా ఊపాడు. అప్పటి చర్చి ఇక్కడ కాదట, తూర్పున మిల్లు పక్కన ఉండేదట. అది కాలిపోయాకే ఇది కట్టుకున్నారట.

ఇల్దికో తల పట్టుకుంది. పటం మొత్తాన్నీ తూర్పుకి జరిపింది. ప్లమ్ చెట్లు నీలిరంగులోంచి బయటపడ్డాయి.

"నీకు ముందే తెలుసా, బాబాయ్?"

"మా తాత చెప్పేవాడు."

"తెలిసీ నోరు మెదపలేదా? ఒక్క మాట అంటే నీ తోట దక్కేదిగా. వేసవంతా నా ప్రాణం తోడేశావు."

దెజో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కంప్యూటర్ వైపు చూడలేదు.

"చెబితే నీళ్లు నీ ఇంటి మీదికొస్తాయి కదమ్మా."