కంపెనీ రంగు

"మేస్త్రి గారూ, మీరు చూశాక ఈ పెద్దాయన కూడా ఒకసారి చూస్తారట."

పాత సైకిళ్ళ ప్రదర్శనశాల అధికారిణి మామూలుగానే అన్నది ఆ మాట.

భూతద్దం మేస్త్రికి మాత్రం చెవిలో సీసం పోసినట్లయింది.

ఇరవై రెండేళ్ళుగా ఆ పరీక్షల గదిలో ఆయనదే తుదిమాట. 'ఇది కంపెనీ రంగు' అంటే కంపెనీ రంగే. ఆయన చూసినదాన్ని మరొకరు తిరిగి చూడడం ఇంతవరకు జరగలేదు.

బల్ల అవతలి మనిషిని ఎగాదిగా చూశాడు. వెలిసిన చొక్కా, వణికే చేతులు, ఎనభైకి దగ్గరపడిన వయసు. పొద్దున ఫ్రేము తెచ్చిన బండిలోంచే దిగాడు.

"ఈయన ఎవరంటే..." అని అధికారిణి మొదలుపెట్టబోయింది.

"పరిచయాలెందుకు లెండమ్మా! ఇక్కడ మాట్లాడవలసింది ఫ్రేము."

ప్రతి సైకిలుకూ పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీసే మేస్త్రి, ఎదుటి మనిషి పేరైనా అడగలేదు.

బల్లమీద ఉన్నది యాభై ఏళ్ళనాటి పందెపు సైకిలు. దానిమీద ఎన్నో పందేలు గెలిచిన ఒక పెద్దావిడ దాన్ని ప్రదర్శనశాలకు ఇచ్చివేసింది. ఉక్కు ఫ్రేముకు ముదురాకుపచ్చ రంగు, గొట్టాల వెంట వెంట్రుకవాసి బంగారు గీత.

అతుకు లేదని, రంగు మారలేదని తేలితే దానికి నడిమి హాలులో అద్దాల పెట్టె. పెట్టె కింది ఫలకంమీద పరీక్షించినవారి పేరు. తేలకపోతే వెనుక గదిలో ఒక మూల.

తన పేరు మొట్టమొదటిసారి ఫలకం ఎక్కబోయే రోజున ఈ రెండో జత కళ్ళేమిటి?

మేస్త్రి ఫ్రేమును బోర్లించాడు. పెడళ్ళ ఇరుసు కింద ఎండ సోకని రంగును మిగతా రంగుతో పోల్చాడు. ఎక్కడైనా గుద్దుకుని ముడత పడిందేమోనని హ్యాండిలు కింద తడిమాడు. దారం పట్టి వంకర చూశాడు. చివరికి భూతద్దం దించాడు.

"సొట్టలు రెండు, గీతలు ఏడు. అన్నీ పైపైవే. అతుకు లేదు. అంతా కంపెనీ రంగు."

పెద్దాయన ముందుకు వచ్చాడు. కింది గొట్టాన్ని బొటనవేలి గోటితో తడుతూ పోయాడు. టింగు, టింగు, టింగు... ఒకచోట ఆగాడు.

"ఇక్కడ శబ్దం మారింది నాయనా. ఈ గొట్టం ఒకసారి విరిగింది. అతికి, రంగు వేశారు. అది కూడా రాయండి."

నిజానికి ఆ మార్పు మేస్త్రి చెవికీ తగిలింది.

అరిషడ్వర్గంలో కడపటిది మాత్సర్యం. అది లోపల చేరితే విన్నది కూడా విననట్టే ఉంటుంది.

"మారింది గొట్టమో, మీ చెవో!" అన్నాడు.

మూల కూర్చున్న చక్రాల పనివాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో మేస్త్రికి ఊపు వచ్చింది.

"బంగారు గీత చూడండి. ఈ కొసనుంచి ఆ కొసకు తెగకుండా సాగింది. మీరన్న చోట చేయి ఆగిన జాడ ఉందా?"

"లేదు," అన్నాడు పెద్దాయన మెల్లగా.

"అతికితే ఉబ్బు కనబడాలా, వద్దా?"

"కనబడాలి మరి."

"ఇంకేం!"

"మీకెలా తెలుసు పెద్దాయనా?" అని అధికారిణి అడిగింది.

ఆయన నోరు విప్పేలోగా మేస్త్రి అందుకున్నాడు.

"ఎలా తెలుస్తుందమ్మా! నా భూతద్దానికి దొరకకుండా ఉక్కు అతికి, ఇలా రంగు కలిపి, ఈ గీత దిద్దగల మొనగాడు ఇంకా తల్లికడుపున పడలేదు. ఉంటే చూపించమనండి, ఈ వయసులో వెళ్ళి ఆయన దగ్గర శిష్యరికం చేస్తాను!"

పెద్దాయన తల ఎత్తాడు. ఏళ్ళ తరబడి మొక్కిన దైవం పలికినట్లు ఆ ముఖం వెలిగింది.

"అంత మాట అన్నావు. చల్లగా ఉండు నాయనా."

ఫ్రేమును ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

ఓడిన మనిషికి ఆ వెలుగేమిటి? మేస్త్రికి అదీ కంటగింపే అయింది.

ఫలకం మేస్త్రి చెప్పినట్టే రాశారు.

నెల తిరిగాక, సైకిలు ఇచ్చిన పెద్దావిడ మనవరాలి చేయి పట్టుకుని ప్రదర్శన చూడవచ్చింది. ఫలకం చదివి బుగ్గ నొక్కుకుంది.

"అతుకు లేదని ఎవరమ్మా రాసింది? పందెం నాలుగు రోజులుందనగా లారీ కిందపడి ఈ గొట్టం రెండు ముక్కలైతేనూ!"

పక్కనే ఉన్న మేస్త్రి పెట్టె తెరిచాడు. ఇరుసు విప్పి, ఆనాడే చేసి ఉండవలసినట్టుగా, గొట్టంలోకి సన్నని దీపం, చిన్న అద్దం పోనిచ్చాడు.

సరిగ్గా ఆ గోరు ఆగిన చోటనే, లోపల ఇత్తడి అతుకు గుండ్రంగా మెరిసింది.

ఈసారి ఆయనకు అసూయ కలగలేదు. అసూయకు అందని ఎత్తున ఉంది ఆ పని.

"అమ్మా, ఈ చేయి ఎవరిది? ఎక్కడ ఉంటారు? ఇప్పుడే వస్తాను, తీసుకెళ్ళండి."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మా అన్నయ్యదే బాబూ. అతుకు సంగతి దాచకుండా రాయించి రమ్మని మీ దగ్గరికి పంపాను కదా. ఎవరో గొప్ప మేస్త్రి తన పని మెచ్చుకున్నాడని, అప్పుడు 'నేనే' అంటే ఆయన నలుగురిలో చిన్నబోతాడని ఊరుకున్నానని, కన్నుమూసే రోజు దాకా అదే చెప్పుకుని మురిసిపోయాడు."