బేవాలా

"పాత బ్లాగు సైటువాళ్ళు నెలాఖరుకి దుకాణం మూసేస్తున్నారు అంకుల్. ఆంటీ రాసిందంతా కొత్త సైటులోకి నేను ఎక్కించేస్తా. కానీ నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అక్షరాలు ఠీక్‌గా దిగాయో లేదో మీరే చూసుకోవాలి," అంది చాందిని.

చాందిని పోర్ట్ బ్లెయిర్‌లోని బ్రూక్షాబాద్‌లో గణేశ్వరరావు పక్కింటి అమ్మాయి. ఆస్టినాబాద్‌లో కంప్యూటర్ సెంటర్ నడుపుతోంది. అతని భార్య కల్యాణి పోయి రెండేళ్ళయినా, ఆదివారం వచ్చేసరికి అతనికి ఓ గిన్నెలో కూర తెచ్చిపెట్టడం మానలేదు.

కల్యాణి పదకొండేళ్ళు బ్లాగు రాసింది. వంటలు, వానలు, చేపల బజారు కబుర్లు. ఆమె బతికుండగా గణేశ్వరరావు ఒక్కటీ చదవలేదు. "తర్వాత చూస్తాలే" అనేవాడు. ఆ "తర్వాత" ఇప్పుడొచ్చింది.

అక్షరాలు బాగానే దిగాయి. కానీ ప్రతి టపా కింద కామెంట్లలో ఒకే పేరు కనబడింది. బేవాలా.

బే అంటే కాంప్‌బెల్ బే. సునామీకి ముందు వాళ్ళుండిన ఊరు. అక్కణ్ణుంచి ఒక్క సంచితో భార్యాభర్తలు పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగారు. దిగిన రోజే గణేశ్వరరావు చెప్పేశాడు, ఆ ఊరి మాట ఇంట్లో ఎత్తొద్దని. కల్యాణి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

ఎత్తిన చోటు ఇదన్నమాట.

"చేపల పులుసు చూస్తే నోరూరుతోంది," అని రాశాడు బేవాలా.

"నీకిష్టమనే చేశాను," అని కల్యాణి జవాబు.

గణేశ్వరరావు కుర్చీలో కదిలాడు. ఆ పులుసు అతనికి పడదు. మరి నెలకోసారి ఎందుకు వండేదో అతనెప్పుడూ అడగలేదు.

ఇంకో ఏడాది. "మీసం ఉంచాను. ఎలా ఉంటుందంటావు?"

"బాగుంటుంది. గడ్డం మాత్రం వద్దు."

ఒకరినొకరు నువ్వు అనుకునే చనువు. బేలో తమ గడప తొక్కిన మగవాళ్ళందరినీ గణేశ్వరరావు మనసులో వరసగా నిలబెట్టాడు. కిరాణా నూకన్నా? అతనికి మీసం మొదటినుంచీ ఉంది. హార్బర్ ఆఫీసు ఉమేషా? నున్నగా గీసుకుని తిరిగేవాడు. ఉమేషే అయ్యుండాలి.

"రంగత్‌లో ఉద్యోగం వచ్చింది," అన్నాడు బేవాలా మరికొన్నేళ్ళకి.

"సంతోషం. బస్సులో నీకు కళ్ళు తిరుగుతాయి కదా, నిమ్మకాయ దగ్గరుంచుకో. మొదటిరోజు నీలం చొక్కా వేసుకో. నీలం నీకు నప్పుతుంది."

నీలం చొక్కా. ఆమె పోయాక ట్రంకు పెట్టె అడుగున అతనికి మూడు నీలం చొక్కాలు దొరికాయి. కాగితం కూడా విప్పనివి. మూడూ మూడు కొలతలు. ఒక్కటీ అతనికి సరిపోలేదు. ఇన్నాళ్ళూ అర్థం కాలేదు, ఇప్పుడైంది. ఏడాదికేడాది వాడు లావెక్కుతున్నాడన్నమాట. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో తనకి ఏ రంగు నప్పుతుందో ఆమె ఒక్కసారైనా చెప్పిన గుర్తు లేదు.

"ఈ కామెంట్లు ఏ టైములో పెట్టాడో తెలుస్తుందామ్మా?"

"పక్కనే ఉంది కదా అంకుల్. అన్నీ మధ్యాహ్నం రెండుకీ మూడుకీ మధ్యలో."

ఆ వేళకి తను ఓడల టికెట్ కౌంటర్‌లో ఉండేవాడు. వాడు రాసిన ఐదు నిమిషాలకల్లా ఆమె జవాబిచ్చేది. నెట్ నత్తలా నడిచే ఆ రోజుల్లో, ఎంతగా ఎదురుచూస్తూ కూర్చుంటే కుదిరే పని అది?

చివరి టపా కిందికి వచ్చాడు. అప్పటికి కల్యాణి మంచం మీదే ఉంది. లాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకునేది.

"ఒంట్లో తగ్గిందా?"

"ఇంక తగ్గదులే. కొద్దిరోజుల్లో నేనే నీ దగ్గరికి వచ్చేస్తాను. ఈయనకి చెప్పలేదు."

గణేశ్వరరావు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆ రోజుల్లో ఆమె తల దువ్వింది అతనే. పాలల్లో రొట్టె నానబెట్టి తినిపించింది అతనే. ఆ చేతి ముద్ద తింటూనే వాడి దగ్గరికి ప్రయాణం కట్టిందా?

"చాందినీ, ఈ బేవాలావి ఒక్కటీ ఉండకూడదు. మొత్తం తీసెయ్."

"ఆంటీ జవాబులున్నాయి కదా అంకుల్ వాటికి?"

"అవీ తీసెయ్."

"సోచ్ లో అంకుల్, బాగా ఆలోచించుకోండి. నెలాఖరుకి పాతదీ పోతుంది. మళ్ళీ కావాలన్నా వాపస్ రావు."

"నాకొద్దమ్మా. టపాలు చాలు."

ఆ పిల్ల లేచింది. వంటింట్లోకి వెళ్ళి టీ కలిపి తెచ్చి, అతని చేతికి గ్లాసు అందించి, అప్పుడు కూర్చుంది.

"నాలుగొందల పన్నెండున్నాయి. ఒక్కోటీ తీస్తే పొద్దుపోతుంది. పెట్టినవాడి ఈమెయిల్ కొడితే అన్నీ ఒకేసారి వస్తాయి. పాతదానిలో దాచేవారు, కొత్తదానిలో కనబడుతోంది." తెరమీదికి వంగింది. "ఇదిగో. జీతూ, ఫైవ్ ఏ. జీతూ ఎవరు అంకుల్?"

గణేశ్వరరావు గ్లాసు బల్లమీద పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని తెర దగ్గరికి జరిగాడు.

"అన్నీ సెలెక్ట్ చేశాను అంకుల్. డిలీట్ నొక్కనా?"

రెండువేల నాలుగు డిసెంబరు మొదటివారంలో, స్కూల్లో కంప్యూటర్ పాఠాలు మొదలయ్యాయని గంతులేస్తున్న పదేళ్ళ కొడుకు జీతూకి, సముద్రం వాణ్ణి తీసుకుపోవడానికి మూడు వారాల ముందు, గణేశ్వరరావు పక్కన కూర్చుని తెరిచిచ్చిన చిరునామా అది. పాస్‌వర్డ్ మాత్రం వాడు వాళ్ళమ్మ చెవిలోనే చెప్పాడు.