గూడూరు పెళ్లికి కెమెరా

కెమెరా చేతిలోకి రాగానే విద్యాసాగర్ బొటనవేలు రీలు తిప్పే మీట కోసం వెతికింది. అక్కడేమీ లేదు.

కౌంటరు వెనక ఉన్న హరీశ్ అది చూసి నవ్వాడు. జనగామలో ఆ కెమెరాల దుకాణం అతనిదే.

"రీలు మీద పనిజేసినోళ్లందరు గట్లనే వెతుకుతరన్నా. జర అలవాటు గావాలె."

ఒకప్పుడు మరిపెడలో విద్యాసాగర్‌కు ఫోటో స్టూడియో ఉండేది. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ రీలు మీదే తీశాడు. రీళ్లు కడిగే ల్యాబులు మూతపడ్డాక స్టూడియోలో జిరాక్స్ మిషన్ పెట్టుకుని, కెమెరాను బీరువాలో దాచాడు. డిజిటల్ కెమెరా కొనడం ఇదే మొదలు. పక్క కుర్చీలో లీలావతి ఉంది. అంగన్‌వాడీ టీచరు. ఏ వస్తువైనా నాలుగు వైపులా తిప్పి చూడనిదే కొననివ్వదు.

"ముందుగాల ఏం తీస్తవన్నా?" అని అడిగాడు హరీశ్.

"పెళ్లి. ఆదివారం, గూడూరుల. గుళ్లె జేస్తున్నరు."

"మంది బాగొస్తరా?"

విద్యాసాగర్ లీలావతి వైపు చూశాడు.

"పిలిచినోళ్లంత రారు" అంది ఆమె.

"లవ్ మ్యారేజా అక్కా?"

"గట్లనే అనుకో."

ఇంట్లోవాళ్లకు ఇష్టంలేని పెళ్లి కాబోలనుకుని హరీశ్ ఇంకేమీ అడగలేదు. గాజు అరలోంచి ఒక చిన్న లెన్సు తీసి కెమెరాకు బిగించాడు.

"గుడి లోపట చీకటుంటది. ఫ్లాష్ కొడితె పంతులు కోపానికొస్తడు. గీ లెన్సు పెడితె దీపం వెలుగు చాలు."

విద్యాసాగర్ జేబులోంచి రుమాలు మూట విప్పాడు. అందులో అతని పాత కెమెరా లెన్సు ఉంది.

"గిది దీనికి పడుతదా?"

"మధ్యల ఒక రింగు బిగిస్తె పడుతది. కాని ఈ కెమెరాల బొమ్మను పట్టే సెన్సారు రీలు కంటె చిన్నది. దీంతోని చూస్తె మనుషులు మరీ దగ్గరికొస్తరు, మండపం మొత్తం రాదు. ఫోకస్ గూడ చేత్తోనే తిప్పుకోవాలె."

"తిప్పుకుంట. ఇన్నేండ్లు తిప్పలేదా?"

"మీరైతె తిప్పుతరు" అంది లీలావతి. "వేరేటోళ్లు పట్టుకుంటెనో?"

"వేరేటోళ్లెందుకు పడుతరు? తీసేది నేనే గద."

"అన్ని మీరే తీస్తరా?"

విద్యాసాగర్ ఒక్క క్షణం ఆమెను చూసి, పాత లెన్సును మళ్లీ రుమాల్లో చుట్టాడు. హరీశ్‌కు నవ్వొచ్చింది.

"ఇంట్ల గూడ గిట్లనేనా అక్కా? నీ మాటనేనా సాగేది?"

"చూడాలె ఇగ" అంది లీలావతి.

హరీశ్ ఇంకో కెమెరా తీశాడు. అది మనిషి కంటిని తనే పట్టుకుని ఫోకస్ చేసుకుంటుంది. విద్యాసాగర్ లీలావతి వైపు తిప్పి నొక్కాడు. వెనక తెర మీద వెంటనే ఆమె ముఖం కనిపించింది. అతను చాలాసేపు దాన్నే చూశాడు.

"రీలైతె కడిగిచ్చి తెచ్చేదాక పాణం కొట్టుకునేది" అన్నాడు. "ఒక్కోసారి ఏం రాకపోయేది. ఈ పెళ్లికి గట్ల గావద్దు."

ఆ కెమెరాతో పాటు చీకటికి ఆ చిన్న లెన్సు, మండపమంతా రావడానికి ఒక జూమ్ లెన్సు తీసుకున్నారు. హరీశ్ అవి పెట్టెలో సర్దుతుండగా విద్యాసాగర్ భూపాలపల్లికి ఫోన్ చేశాడు. అతని కూతురు స్రవంతి అక్కడి దవాఖానలో నర్సు. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రి వెంట పెళ్లిళ్లకు వెళ్లి లైటు పట్టుకునేది.

"ఆదివారం వస్తున్నవా బిడ్డా?"

"డ్యూటీ ఉన్నది నాయినా."

"మార్చుకోరాదూ."

"చూస్త" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నది?" అని అడిగింది లీలావతి.

"చూస్తనన్నది."

"బలవంతం జెయ్యకుండ్రి. మనసైతెనె రానీ."

"లైటు పట్టెటందుకు నేను ఎవరినన్న పంపాల్నా అన్నా?" అన్నాడు హరీశ్.

"వద్దు" అన్నాడు విద్యాసాగర్. "నా బిడ్డనే రావాలె."

ఆదివారం గూడూరు గుడిలో మంది నిజంగానే తక్కువ. లీలావతితో పనిచేసే ఆయమ్మలు, విద్యాసాగర్ స్నేహితుడు శామ్యూల్, ఆయన భార్య, అంతే. విద్యాసాగర్ దీపాలను ఫోటో తీశాడు, పీటలను తీశాడు, తోరణాలు కడుతున్న శామ్యూల్‌ను తీశాడు. ప్రతి ఫోటో తర్వాత తెర చూసుకుని, తలెత్తి రోడ్డు వైపు చూస్తున్నాడు.

ముహూర్తం దగ్గర పడుతుండగా గుడి ముందు ఆటో ఆగింది. భుజాన బ్యాగుతో స్రవంతి దిగింది.

"డ్యూటీ మార్చుకున్న" అంది.

విద్యాసాగర్ తన మెడలోని కెమెరా తీసి ఆమె మెడలో వేశాడు.

"ఇది కంటిని అదే పట్టుకుంటది. నువ్వు నొక్కితె చాలు."

"జరాగు నాయినా. ముందుగాల లోపలికి పోయొస్త."

పక్క గదిలో లీలావతి ఒక్కతే నిలబడి ఉంది. గుమ్మంలో స్రవంతి కనిపించగానే రెండడుగులు ముందుకేసింది.

"తిన్నవా?" అని అడిగింది.

"బస్సుల తిన్న." స్రవంతి నేల మీద కూర్చుని ఆమె చీర కుచ్చిళ్లు ఒక్కొక్కటిగా సర్దింది. "కదలకు. మడతలు సరింగ లెవ్వు."

లీలావతి కదల్లేదు. కొంగుతో కళ్లు మాత్రం ఒత్తుకుంది.

కాసేపటికి సన్నాయి మొదలైంది. స్రవంతి మండపం ఎదుట నిలబడి కెమెరా కంటికి ఆనించింది. విద్యాసాగర్ ఆమె వెనక నిలబడి, దీపం వెలుగు ఎటు పడుతోందో, ఎక్కడ నిలబడితే బాగుంటుందో చెబుతూనే ఉన్నాడు.

ఆ గుడికి కొత్తగా వచ్చిన పంతులు మంత్రం ఆపి చుట్టూ చూశాడు.

"పెళ్లిపిల్ల వచ్చి కూసున్నది. పెళ్లికొడుకేడి?"

పీట మీద కూర్చున్న లీలావతి విద్యాసాగర్ వైపు చెయ్యి చూపించింది.