లావు తీగ

నాన్న రాత్రి షిఫ్టుకి వెళ్తూ చెల్లెలు జాగ్రత్త అన్నాడు. ఉక్కునగరం క్వార్టర్లో నీలిమ లోపల గడియ వేసి, ఆరేళ్ల ఆశాజ్యోతిని పక్కన కూర్చోబెట్టుకుని, కంప్యూటర్లో గిటారు పాఠం సీడీ పెట్టింది. మైకుకి సరైన స్వరం వినిపిస్తే, ఏ తీగ ఎక్కడ నొక్కాలో తెరమీద చూపే అంకె పచ్చగా వెలుగుతుంది, లేకపోతే ఎర్రగా.

గిటారుకి లావు తీగ తెగిపోయి ఉంది. దాని అంకెలు వచ్చినప్పుడు నీలిమ వాయించకుండా ఊరుకుంది. అవీ పచ్చగానే వెలిగాయి.

“ఏటే, మైకు కాడ ఏటి సేత్తన్నావ్?”

“నానేటి సేసినాను? జంతిక తింతన్నాను గదా!”

నీలిమ గిటారు మంచం మీద పెట్టేసి, చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది. గదిలో చప్పుడు లేదు. అయినా ఒక అంకె పచ్చబడింది. తర్వాత ఇంకొకటి.

ఆశాజ్యోతి నీలిమ భుజం మీదుగా వెనక్కి చూసి కిసుక్కున నవ్వింది.

“అక్క కన్నా నువ్వే బాగా వాయిత్తన్నావ్.”