చేపనూనె పందెం

పాప ఉమ్మిన చేపనూనె, మెట్లెక్కి వస్తున్న పెద్దమనిషి తెల్లచొక్కా మీద సరిగ్గా వెళ్ళి పడింది.

తల్లికి సిగ్గుతో చచ్చినంత పనయింది.

"అయ్యో, క్షమించండి! దీనికి రోజూ ఇదే వరస."

ఆయన ఎదురు వాటాలోకి కొత్తగా అద్దెకు దిగాడు. గడియారాలు బాగుచేస్తాడు. చొక్కా ఎత్తి వాసన చూసి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు.

"ఏమిటమ్మా ఇది?"

"కాడ్ లివర్ ఆయిలండీ. పాప ఎముకలు మెత్తగా ఉన్నాయట. ఇలాగే వదిలేస్తే కాళ్ళు ఇంకా వంగిపోతాయన్నాడు డాక్టరు. పొద్దున్నే ఒక చెంచా పట్టించి, కాసేపు ఎండలో కూర్చోబెట్టమన్నాడు. ఎండకైతే కూర్చుంటుంది గానీ, నూనె ఒక్క చుక్క లోపలికి పోనివ్వదు."

నాలుగేళ్ళ పిల్ల నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుంటోంది. కుట్టుమిషను ముందు కూర్చున్నా ఆమె చూపంతా ఆ కాళ్ళ మీదే.

"ఎముకలకి మంచిది, కళ్ళకి మంచిది. ఒక్క నోటికే మంచిది కాదు పాడు నూనె" అని నానమ్మ నిట్టూర్చింది.

మర్నాడు పొద్దున ఆయన తన గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. చేతిలో అదే నూనె సీసా, అలాంటిదే చెంచా.

"ఏం పాపా, పందెమా? ముందు మింగినవాళ్ళే రాజు!"

"నువ్వూ తాగుతావా తాతా?"

"తాగకపోతే ఎలా? నాకు మోకాళ్ళ నొప్పులు కదా!"

గుటుక్కున మింగాడు. చెంచా కూడా నాకి "ఆహా!" అన్నాడు.

పాప నోరు వెళ్ళబెట్టి చూసింది. తర్వాత తల్లి చేతిలోంచి చెంచా లాక్కుని మింగేసింది.

"రేపు నేనే రాజు!"

ఆ రోజు నుంచి లేవగానే ఎదురు తలుపు బాదడమే దాని పని. పందెం అవగానే ఆయన మాత్రం గబగబా లోపలికి వెళ్ళి తలుపేసుకునేవాడు.

"పిలిచినా పలకడు, ఏం మనిషో!" అనేది నానమ్మ. "అంత ఇదిగా నాకుతున్నాడు, తేనె గానీ కలుపుకుంటున్నాడేమో?"

ఉండబట్టలేక ఒకరోజు ఆయన సీసా అడిగి పుచ్చుకుని మరీ వాసన చూసింది.

"తేనె లేదు, దోనె లేదు. అచ్చం మన కంపే" అని తేల్చింది.

మెట్లెక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఈ పందెం చూశారు. చూసి ఊరుకుంటారా? కింది వాటా టీచరమ్మ కళ్ళకి మంచిదని ఒక సీసా కొంది. పై వాటా డ్రైవరు నడుముకని కొన్నాడు. ఆయన భార్య, పనిలో పనిగా మొగుడి బట్టతలకి కూడా కాస్త రాసి చూసింది. కొన్నాళ్ళకి ఇంటింటా అదే కంపు.

"డాక్టర్ని అడక్కుండా తాగకండి బాబూ, కొలత దాటితే మంచిదే చెడు చేస్తుంది" అని గడియారాలాయన మొత్తుకున్నాడు. ఎవరు వింటారు?

నానమ్మకి మాత్రం అనుమానం వచ్చింది.

"ఇతను నూనె కంపెనీ మనిషే! మన పిల్లని అడ్డం పెట్టుకుని సరుకు అమ్ముకుంటున్నాడు. ఊరికే ఎవడైనా ఆ కంపు నాకుతాడా?"

"తాగకండి అనే చెబుతున్నాడు కదత్తయ్యా?"

"పిచ్చిదానా! వద్దంటేనే కదా జనం ఎగబడేది."

కోడలు మొదట నవ్వేసింది. కానీ అనుమానం పెనుభూతం అన్నారు. అప్పటికి పాప గోడ వదిలేసి, తనంతట తానే మెట్లు దిగుతోంది. తన బిడ్డ కష్టం ఇంకెవరికో వ్యాపారమైందనుకునేసరికి ఆమెకి కడుపు మండిపోయింది.

మర్నాడు ఆయన పీట వేసుకుంటుండగానే అనేసింది.

"మీ పబ్లిసిటీకి మా పాపని వాడుకోకండి. ఇకమీద దాని నూనె మా ఇంట్లోనే మేం పట్టిస్తాం."

ఆయన సీసా మూత బిగించి పీట మీంచి లేచాడు.

"అలాగేనమ్మా. ఇప్పుడు అలవాటైంది, తాగేస్తుందిలే. డాక్టరు చెప్పేదాకా మాత్రం మాన్పించకండి."

నెలాఖరుకి వాటా ఖాళీ చేశాడు. వెళ్ళేముందు చెప్పిపోదామని తలుపు తట్టాడు. ఆమె లోపలినుంచే "మంచిదండీ" అంది.

సీసా అయిపోయి మందుల కొట్టుకి వెళ్ళినప్పుడు ఆమె నోరు ఊరుకోలేదు.

"ఆ గడియారాలాయనది ఏ కంపెనీ అండీ?"

"కంపెనీ ఏమిటమ్మా? నా దగ్గర డబ్బిచ్చి కొనుక్కునేవాడు."

"మోకాళ్ళకేగా?"

కొట్టాయన నవ్వాడు.

"మోకాళ్ళకేం, గుండ్రాయిలా ఉన్నాడు. ఎవరో పాప కోసమన్నాడు. తను తాగితేగానీ ఆ పిల్ల తాగదట. దానికింత తిప్పలెందుకు, సీసాలో మంచి నూనె ఏదైనా పోసుకోండి అన్నాను. ఈ వాసన రాకపోతే పిల్ల పట్టేస్తుందని ఒప్పుకోలేదు."

ఆ రోజు కనీసం తలుపైనా తీయలేదే అని ఆమె మనసు పీకింది.

"ఇప్పుడెక్కడుంటాడండీ?"

"ఏ ఊరు వెళ్తున్నదీ చెప్పలేదమ్మా."

"ఏదైతేనేం లెండి, ఆయనకీ ఆ రుచి ఇష్టమే. చెంచా కూడా నాకేవాడు" అంది, తనకి తాను సర్దిచెప్పుకుంటూ.

కొట్టాయన సీసా కాగితంలో చుడుతున్నవాడల్లా తలెత్తాడు.

"ఇష్టమా! పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టని మనిషమ్మా ఆయన!"