సత్యదుర్గ ముక్కు

ఎదురింటి సత్యదుర్గ కొబ్బరి డొక్కలు తెచ్చి మా గేటు ముందు పారేసేది. నేను పొద్దున్నే వాటి పక్కన ముగ్గుపిండితో ఆవిడ బొమ్మ వేసి, కింద "దానంలో కర్ణుడికి అక్కగారు" లాంటి మాటొకటి రాసేదాన్ని.

"నా ముక్కు అంత పొడుగాండీ, మామ్మగారూ?" అంటూ వచ్చి అరగంట పోట్లాడేది.

నిన్న మాత్రం చేతులు జోడించింది. "మీ బొమ్మలకో దణ్ణమండి. ఇహ ఇక్కడ డొక్కలు వెయ్యనండి."

వీధివాళ్లు నన్ను మెచ్చుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఆ తర్వాత రోజంతా నాతో మాట్లాడినవారు లేరు.

ఈ ఉదయం మా పెరట్లోని డొక్కలు రెండు నేనే తెచ్చి గేటు ముందు వేశాను. పక్కన సత్యదుర్గ బొమ్మ గీసి, ముక్కు ఇంకాస్త సాగదీసి, తలుపు తీసి కూర్చున్నాను.